ఇరుసు మీద సుద్ద

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
19-10-94

నా వెనక చక్రం ఎత్తుకుపోయావు మామా. అడగలేదు, చెప్పలేదు. దసరాకని వచ్చి, అమ్మ చేతి పులిహోర తిని, మూడు రోజులు నాన్నతో పేకాడి, సోమవారం నేను పనికి వెళ్ళగానే సైకిల్ని తలకిందులు చేసి చక్రం ఊడదీసుకుని రైలెక్కావు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా సైకిలు వరండాలో కుంటి గేదెలా కూలబడి ఉంది.

ఎవరో దొంగ అనుకుని ఖరిదా బజారంతా తిరిగాను. పాత సామాన్ల దుకాణాల్లో ఇద్దరితో తగువాడాను. చివరికి విల్‌ఫ్రెడ్ గారు చెప్పారు. రిటైరైన డ్రైవరు కదా, రోజూ ప్లాట్‌ఫారం మీదే ఆయన షికారు. "అరే ఎర్రా, నీ మామ దుప్పట్లో ఏదో గుండ్రంగా చుట్టి తీసుకెళ్ళాడు. అంత పెద్ద అప్పడం మీ ఇంట్లో ఎలా వేయించారు?" అన్నారు. పక్కనున్న పోర్టర్లందరూ నవ్వారు. ఆ నవ్వు నీ ఖాతాలోది.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను. డిసెంబరు పద్దెనిమిది, ఆదివారం, రైల్వే సైకిల్ జట్టుకి సెలక్షన్. అరవై కిలోమీటర్లు. మొదటి ముగ్గురికీ ఉద్యోగం. నాకు ఇరవై రెండేళ్ళు. మూడేళ్ళ నుంచి కాంట్రాక్టరు లేత్ మీద బోల్టులు తిప్పుతున్నాను. రేపు రావొద్దంటే రేపటినుంచి నాకు పనిలేదు. ఆ చక్రం తప్ప నాకు ఇంకో దారి లేదు.

ఆ చక్రంలో ఇరుసు నేను తిప్పింది. ఆరు పళ్ళచక్రాల ఫ్రీవీల్ మామూలు హబ్బుకి పట్టాలంటే ఇరుసు పొడుగ్గా ఉండాలి. బజారులో దొరకదు. గట్టి ఉక్కు కడ్డీ సంపాదించి, ఆగస్టులో నాలుగు ఆదివారాలు కూర్చుని తిప్పాను. లేత్ పట్టినవాడు ఇరుసు కొనుక్కుంటే నామర్దా అని నాకు నేర్పింది ఎవరు? నువ్వే. ముప్పై నాలుగేళ్ళు రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గర చేసిన తవిటయ్య.

చక్రం పార్సిల్ వ్యాన్‌లో వెయ్యి. అక్టోబరు ముప్పైలోగా నా చేతికి రావాలి.

ఎర్రయ్య


పలాస
25-10-94

చిరంజీవి ఎర్రయ్యకు మామ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కాగితం చిరిగేలా రాశావు, పెన్ను ముల్లు వంగిపోయి ఉంటుంది.

చక్రం నేనే తెచ్చాను. దొంగ అంటావా, అను. పడతాను. నా షెడ్డులో గోడకి తగిలించి గోనె కప్పి ఉంచాను. ఇక్కడ జీడి బట్టీలకి పోయే ఆడవాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తూ కాలక్షేపం చేస్తున్నాను. ఎవరైనా "గోనె కిందేటుంది తాతా?" అంటే మా మేనల్లుడి ఉద్యోగం అంటున్నాను.

ఎందుకు తెచ్చావంటావు. హబ్బులో గోళీలు అరిగాయి, మారుద్దామని తెచ్చాను అనుకో.

నువ్వు సీటు మీంచి లేచి నిలబడి పెడలు తొక్కినప్పుడు వెనకనుంచి టిక్కుమని చప్పుడు వినిపించేదా? ఇప్పుడు నీ బరువెంత? ఈ రెండిటికీ జవాబు రాయి. ఒక పని చెయ్యి, సెలక్షన్‌కి మామూలు ఒంటి పళ్ళచక్రం ఫ్రీవీల్ వేసుకుని పో. నీ కాళ్ళలో బలం ఉంది.

మీ నాన్న మోకాలు చలికి ఎలా ఉంది? కొత్త నూనె వాడుతున్నాడా? మా చెల్లి చిట్టెమ్మకి చెప్పు, పులిహోర మరువలేదని.

మామ
తవిటయ్య


నిమ్‌పురా
2-11-94

మామా,

గోళీలు అరిగాయా! ఆగస్టులో నేనే మార్చాను. అబద్ధం ఆడితే ఆడు, చక్రాల పనివాడు ఆడాల్సిన అబద్ధం కాదది.

చప్పుడు వచ్చేది. నిలబడి తొక్కితేనే వచ్చేది. గొలుసు అనుకున్నాను. నా బరువు డెబ్బై ఎనిమిది. వీటితో నీకేం పని?

ఒంటి ఫ్రీవీల్‌తో పొమ్మంటావు. ఎదురుగాలికి ఒక పళ్ళచక్రం, వాలుకి ఒకటి మార్చుకునే వాళ్ళ మధ్య నేను పాలవాడిలా తొక్కుకుంటూ పోవాలా? మేదినీపూర్ నుంచి వచ్చే కుర్రాడికి ఏడు ఉన్నాయి.

ఇంకో సంగతి విను. పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజనీరింగు చదివే లింగయ్య అని ఉన్నాడు, కరీంనగర్ వైపు వాడు. వాడి హాస్టల్లో ఎవరో విదేశీ మాస్టారు వదిలేసిపోయిన సైకిలుంది. దాని గేర్లు నేనే సరిచేశాను. వెనక చక్రంలో ఉన్నది ఫ్రీవీల్ కాదు, క్యాసెట్ హబ్బట. మన ఫ్రీవీల్‌లో టికటిక చేసే యంత్రం, పళ్ళు అంతా ఒకే ముద్ద, హబ్బుకి మర తిప్పి బిగిస్తాం. అందులో అలా కాదు. టికటిక యంత్రం హబ్బులోనే ఉంటుంది. దాని మీద గాడుల గొట్టం. పళ్ళచక్రాలు వరసగా గాజుల్లా దాని మీదకి జారతాయి. ఖరిదాలో సైకిల్ దుకాణం దాదాకి చెబితే "క్యాసెట్? పాటలొస్తాయా?" అన్నాడు.

లింగయ్య అన్నాడు, "తీస్కపో అన్నా, నా దగ్గర దుమ్ము పడ్తున్నది" అని. నేను వద్దన్నాను. ఫ్రీవీల్ పోతే ఈ ఊళ్ళో ఏ సందులోనైనా ఇంకోటి దొరుకుతుంది. ఆ హబ్బు లోపల చిన్న స్ప్రింగు విరిగితే ఎవడిస్తాడు? పైగా చదువుకునేవాళ్ళ దగ్గర చెయ్యి చాచి తెచ్చుకున్న చక్రం మీద నేను గెలిస్తే అది నా గెలుపెలా అవుతుంది?

నువ్వు పంపవు కాబట్టి ఖరిదాలో ఇంకో పాత చక్రం, ఆరు పళ్ళచక్రాల ఫ్రీవీల్ కొని, దానికి కొత్త ఇరుసు మొదలుపెట్టాను. ఈసారి ఒక మిల్లీమీటరు లావు. గోళీలని ఒత్తిపట్టే కోన్లు కూడా నేనే తిప్పుతున్నాను. అయినా నా చక్రం నాకు కావాలి. పన్నెండో తేదీ ఆఖరు.

ఎర్రయ్య


పలాస
8-11-94

ఒరే ఎర్రా,

నీ ఉత్తరంలో క్యాసెట్ హబ్బు గురించి రాసిన ముక్క నాలుగుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. కాని టికటిక యంత్రం హబ్బు లోపలికి పోయిందంటే, కుడివైపు గోళీలు ఎక్కడ కూర్చుంటాయి? లోపలే ఉన్నాయా, అంచుకి వచ్చాయా?

ఇది నాకు కావాలి. హాస్టల్‌కి పో. స్కేలు తీసుకుపో. ఇరుసు బిగించే ఫ్రేము కాలినుంచి కుడి గోళీల వరకు ఎంత దూరమో కొలిచి రాయి. నీ హబ్బుదీ కొలిచి రాయి. ఊరికే ఇంతుంది అంతుంది అని కాదు, మిల్లీమీటర్లలో.

నిమ్‌పురా యార్డులో ఏ వ్యాగను కిందైనా వంగి చూడు. ఇరుసు పెట్టెలు ఎక్కడున్నాయి? రెండు చివర్లా. బరువు ఎక్కడ పడుతుందో బేరింగు అక్కడే ఉంటుంది. చిన్నప్పటినుంచి వాటి మధ్యే తిరిగావు. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి నువ్వూ మర్చిపోయావు. నేనూ ఒకప్పుడు మర్చిపోయాను.

ఆ కొత్త ఇరుసు తిప్పితే తిప్పావు గాని దాని మీద ఎక్కకు. నా మీద ఒట్టు.

మామ


నిమ్‌పురా
14-11-94

మామా,

కొలిచాను. నా హబ్బులో కుడివైపు ఫ్రేము కాలినుంచి గోళీలకి ముప్పై ఎనిమిది. లింగయ్య దాంట్లో పదకొండు. ఎడమవైపు రెండూ దాదాపు సమానమే.

నేనేం మొద్దుని కాదు. స్కేలు పెట్టగానే నీ మాట అర్థమైంది. ఫ్రీవీల్ బయట బిగుస్తుంది కాబట్టి గోళీలని లోపలికి నెట్టేస్తుంది. ఒంటి పళ్ళచక్రమయితే కొంచెమే. ఆరు పళ్ళచక్రాలకి ఆరంత లోపలికి. మధ్యలో ఇరుసుకి ఏ ఆధారమూ లేదు, గాల్లో ఉంటుంది. నీళ్ళ బాల్చీని ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్నంత తేడా. క్యాసెట్ హబ్బులో గోళీలు పళ్ళకింద దాక్కుని అంచుదాకా వచ్చేశాయి. ఎవడు కనిపెట్టాడో గాని పనివాడే అయ్యుంటాడు.

సరే. అందుకే కదా లావు ఇరుసు చేశాను. నీ ఒట్టు ఉత్తరం వచ్చేసరికే బిగించేశాను. నాలుగు రోజులుగా పొద్దున్నే నలభై కిలోమీటర్లు తొక్కుతున్నాను. విల్‌ఫ్రెడ్ గారు జేబు గడియారంతో టైము చూస్తున్నారు. "ఇంకో రెండు నిమిషాలు తగ్గించు, నీ పెళ్ళికి నేను పియానో వాయిస్తా" అంటున్నారు. చప్పుడు లేదు.

నాకు అర్థం కానిది వేరే ఉంది. ఇంత చిన్న సంగతి చెప్పడానికి చక్రం ఎందుకు ఎత్తుకుపోయావు? దసరా రోజున వరండాలో నా ఎదురుగా కూర్చుని చెప్పొచ్చుగా? "నేనూ ఒకప్పుడు మర్చిపోయాను" అని రాశావు. ఏం మర్చిపోయావు? నాన్నని అడిగాను. "మీ మామనే అడుగు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నువ్వు ఏదో దాస్తున్నావు. ఇరవై ఐదో తేదీలోగా నిజం రాయకపోతే ఇంక నీకు ఉత్తరం రాయను. నీ పెట్టె నువ్వే ఖాళీగా చూసుకో.

ఎర్రయ్య


పలాస
20-11-94

ఎక్కకు ఎర్రా. ఈ ఉత్తరం చదివేవరకైనా ఎక్కకు.

దీంతో పాటు పార్సిల్లో నీ పాత ఇరుసు వస్తుంది. గుడ్డలో చుట్టాను, విప్పి చూస్తే లోపమేమీ కనపడదు. మెరుస్తూ ఉంటుంది. అందంగా తిప్పావు, నా చేతికన్నా నీ చెయ్యి మంచిది. దాన్ని ఒక పూటంతా కిరసనాయిల్లో నానబెట్టు. తీసి పొడి గుడ్డతో ఒక్క చుక్క తడి లేకుండా తుడువు. మెత్తని సుద్ద పొడి స్పిరిట్‌లో కలిపి పలచగా పుయ్యి. ఆరాక చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టు. తట్టి, కూర్చుని చూడు. ఇరుసుకి పగులుంటే లోపల దాగిన నూనె బయటికి ఊరి సుద్ద మీద నల్లగా గీత గీస్తుంది. మా కాలంలో పగులు అలాగే పట్టేవాళ్ళం. కంటికి కనపడనిది సుద్ద చెబుతుంది.

దసరా నాడు నువ్వు స్నేహితులతో పూజ పందిళ్ళు చూడ్డానికి పోయినప్పుడు చక్రం మీద బరువు మోపి తిప్పి చూశాను. టిక్కుమంది. ఇరుసు తీసి సుద్ద పూశాను. గీత వచ్చింది. మళ్ళీ బిగించి ఏమీ ఎరగనట్టు పేకాటకి కూర్చున్నాను. అబద్ధం పేకాట ఆడుతున్నానని మీ నాన్నకి తెలిసిపోయి ఉంటుంది, నాలుగు ఆటలూ ఓడిపోయాను.

నీతో చెబితే ఏమంటావో తెలుసు. ఇంకా లావుగా తిప్పుతా అంటావు. అదే చేశావు. లావు కాదురా. మర కోసినచోట గాడి మొనలా ఉంటుంది. కడ్డీ ఎంత గట్టిదైతే అంత తొందరగా అక్కడే చీలుతుంది. వద్దనడానికి నాకు ఒకే కారణం ఉంది. అది చెప్పడానికి నోరు రాక చక్రం ఎత్తుకొచ్చాను.

ఇప్పుడు చెబుతున్నాను. డెబ్బై తొమ్మిదిలో మీ నాన్న ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఇంకో ఏడాదికి షంటరు, ఆ తర్వాత డ్రైవరు అయ్యేవాడు. డ్యూటీకి వెళ్ళిరావడానికి సుఖంగా ఉంటుందని కలకత్తానుంచి మూడు పళ్ళచక్రాల ఫ్రీవీల్ తెచ్చి నేనే బిగించాను. ఇరుసు చాల్లేదు. లంచి టైములో లేత్ మీద నేనే తిప్పాను, దొంగచాటుగా. వ్యాగను ఇరుసులకి రోజంతా సుద్ద పూసేవాడిని, ఆ ఇరుసుకి పూయలేదు. సైకిలే కదా అనుకున్నాను. నెల తర్వాత మీ నాన్న అన్నాడు, "బావా, ఎనక టిక్కుటిక్కుమంతున్నాది" అని. "గ్రీజు ఎండిపోనాది, ఏటీ కాదు" అన్నాను.

బోగదా దగ్గర వాలులో అది విరిగింది. చక్రం వంకరపోయి ఫ్రేముకి పట్టేసింది. మోకాలు చిప్ప ముక్కలైంది. మెడికల్‌లో ఫెయిల్ చేసి ఇంజను మీంచి దించి స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. కుక్క అడ్డం వచ్చిందని మీ నాన్న అందరికీ చెప్పాడు. అలాగే అనుకున్నాడు పాపం. చీకటిలో ఏం విరిగిందో చూసుకోలేదు. మర్నాడు నేను పోయి సైకిలు తెచ్చి, ఇరుసు మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నీకు ఏడేళ్ళు. నాన్న కాలు ఎప్పుడు బాగవుతుందని నన్నే అడిగేవాడివి.

ఇదీ నేను దాచింది. మీ నాన్నకి చెప్పాలో వద్దో నీ ఇష్టం. నన్ను ఇంటికి రావొద్దన్నా రాను. ఆ లావు ఇరుసు మాత్రం తీసెయ్యి బాబూ. ఆ పిల్లాడు ఇస్తానన్న చక్రం తెచ్చుకో.

తవిటయ్య


నిమ్‌పురా
29-11-94

పదిహేనేళ్ళు దాచావు మామా. నాకు పెడలు మీద కాలు పెట్టడం నేర్పినవాడివి, నాన్న కాలు ఎలా పోయిందో చెప్పలేదు. ఇరుసు విరిగినందుకు కాదు నా కోపం. పనిలో ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. టిక్కుమంటోందని నాన్న చెబితే ఏమీ కాదన్నావు చూడు, దానికి. మళ్ళీ నాకూ ఏమీ చెప్పకుండా చక్రం మోసుకుపోయావు చూడు, దానికి.

ఇప్పుడు జరిగింది విను.

ఆదివారం పొద్దున కిరసనాయిల్లో వేశాను. మధ్యాహ్నం వరండాలో కూర్చుని సుద్ద పూశాను. తట్టాను. ముందు ఏమీ రాలేదు, నీకు పిచ్చి అనుకున్నాను. బీడీ కాలినంతసేపు పట్టింది. కుడివైపు, మర మొదలయ్యేచోట, వెంట్రుకంత గీత. చూస్తుండగానే సగం చుట్టు తిరిగింది. డెబ్బై ఎనిమిది కిలోలతో నేను దాని మీద నిలబడి తొక్కాను. 

వెనకనుంచి కర్ర చప్పుడు. నాన్న. తెల్లటి ఇరుసు చూసి ఆగిపోయాడు.

"ఈ పని నీకెవుడు సెప్పినాడు?"

"మామ."

"రాసీసినాడేటి? మొత్తమా?"

"మొత్తం."

లోపలికి వెళ్ళి జర్దా డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తీస్తే వేలెడంత ఇరుసు ముక్క. తుప్పు కూడా లేదు, నూనె రాస్తున్నాడు.

"ఆ రోజు రోడ్డు మీదే ఏరినాను. కాలు ఇరిగినోడికి సెయ్యి పని సేస్తాది కదా. మీ మామ తిప్పిన మర నాకు తెలీదేటి? ఊళ్ళో అంత నున్నగా ఎవుడు తిప్పుతాడు?"

"మరి కుక్క అడ్డం వచ్చిందని ఎందుకు చెప్పావు?"

"ఇరుసు ఇరిగినాదంటే ఎక్కడ తిప్పినార్రా అంటారు. వర్కుషాపు లేత్ మీదంటే మీ మామ ఉద్యోగం పోతాది. నా కాలు ఎలాగా పోనాది. ఒక్క ఇంట్లో రెండెందుకు పోవాల?"

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఆడికి తెలీదని ఈయన, ఈయనకి తెలీదని ఆడు. పదిహేనేళ్ళు ఎదురెదురుగా కూకుని పేకాడినారు. మజ్జిలో నానొక్కదాన్ని ఎర్రిదాన్ని!" అమ్మకి కూడా తెలుసు మామా. వాళ్ళకి తెలుసన్న సంగతి నీకే తెలియదు.

నాన్న నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా ఇరుసు తీసుకుని తన ముక్క పక్కన డబ్బాలో పెట్టబోతే పట్టలేదు. "డబ్బా సాలదు. ఇంక తిప్పకు" అన్నాడు.

తిప్పను. లావు ఇరుసు కూడా ఊడదీశాను. దానికీ సుద్ద పూశాను, గీత లేదు. ఇంకా లేదు అంతే.

నిన్న హాస్టల్‌కి వెళ్ళాను. చక్రం ఇవ్వమని అడిగాను. లింగయ్య "గింత ఆలస్యమాయె, అయితేంది, తీస్కపో" అన్నాడు. చెయ్యి చాచడం అనుకున్నంత కష్టంగా లేదు. పుల్లలన్నీ వదులు చేసి నేనే మళ్ళీ బిగించాను. ఫ్రేము కాళ్ళు నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు చేశాను. ఏడు పళ్ళచక్రాలు. తొక్కితే ఏ చప్పుడూ లేదు. వదిలేస్తే మాత్రం సన్నగా పాడుతుంది. ఖరిదా దాదాని పిలిచి వినిపించాను, నిజంగానే పాటలొస్తున్నాయని. స్ప్రింగు విరిగితే సంగతి అప్పుడు చూద్దాం. స్ప్రింగు విరిగితే సెలక్షన్ పోతుంది. ఇరుసు విరిగితే కాలు పోతుంది. మా ఇంట్లో ఈ తేడా ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

కాని ఆ హబ్బు ఇరుసుకి నేను సుద్ద పుయ్యలేదు. కొత్తదే, విదేశీదే. అయినా పుయ్యలేదు. అది నీ పని. నీ కళ్ళతో నువ్వు చూసి, ఏమీ లేదని నాన్న ఎదురుగా చెబితేనే నేను ఎక్కుతాను. ఒకసారి చూడకుండా ఏమీ కాదన్నావు. ఈసారి చూసి చెప్పాలి. నాన్న కూడా అదే అన్నాడు. "మీ మామని రమ్మను. నాలుగాటలు అప్పనంగా గెలిసినాను, అయ్యి లెక్కలోకి రావు" అన్నాడు.

సుద్ద, చెక్క సుత్తి తెచ్చుకో. ఇక్కడి సుత్తి బాగాలేదు. గోనె కింద ఉన్న నా పాత చక్రం కూడా తే, రిమ్ము పనికొస్తుంది. దుప్పట్లో చుట్టకు. విల్‌ఫ్రెడ్ గారు మళ్ళీ అప్పడం అంటారు.

పదహారో తేదీ శుక్రవారం నువ్వు మా వరండాలో ఉండాలి. ఏ బండికి వస్తున్నావో పన్నెండో తేదీలోగా జవాబు రాయి. జవాబు రాకపోతే పదమూడున నేనే పలాసలో దిగుతాను. నువ్వు నా చక్రాన్ని ఎత్తుకుపోయినట్టే నిన్ను దుప్పట్లో చుట్టి ఎత్తుకొస్తాను.

ఎర్రయ్య